ఈ సంగతి ఆదివారం చెప్పొద్దు

ఇప్పుడు నా చేత్తో నేనే గ్లాసు పట్టుకుని నీళ్లు తాగుతున్నాను. గ్లాసు సగమే నింపుకుంటాను, అది వేరే సంగతి. ఈ మాత్రం బాగయ్యాను కాబట్టి రాయగలుగుతున్నాను. కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి పడిపోతే లోకం ముగిసిపోయినట్టు ఉంటుంది. ముగిసిపోదు, నెమ్మదిగా తిరిగి వస్తాయి, నాకు వచ్చాయి. అది చెప్పడానికి కొంత, నా మనసు కుదుటపడటానికి కొంత ఈ రాత.

ముందే చెప్పేస్తున్నాను, నేను అనుమానం మనిషిని. ఎవరైనా ఊరికే మంచిగా పలకరిస్తే వెనక ఏముందో అని చూస్తాను. పుట్టుకతో ఇలా లేను. పాస్టరు గారి భార్యగా ఇరవై ఆరేళ్లు ఉంటే ఎవరికైనా ఈ గుణం పట్టుకుంటుంది.

మా ఆయన ఆళ్లగడ్డలో పాస్టరు. పెద్ద సంఘమేమీ కాదు. రేకుల కప్పు మందిరం, ఎనభై తొంభై మంది జనం. అందరూ ఆయన్ని దైవసేవకులు అంటారు. ఆ సేవకుడు కూర్చునే కుర్చీ మీద తెల్ల టవలు పరుస్తారు. ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా మొదటి విస్తరి ఆయనకే. తిన్నాక చేతులు కడుక్కోవడానికి చెంబు కూడా ఎవరో ఒకరు వంచుతారు. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన తిన్న పళ్లెం ఆయన తీయడం నేను చూడలేదు. కానీ సేవ గురించి ఆయన చెబితే వినాలి. ప్రభువు నడుముకు తువాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు వణుకుతుంది. జనం కళ్లు తుడుచుకుంటారు. నేను మాత్రం ఇంట్లో నానబెట్టి వచ్చిన బట్టల గురించి ఆలోచిస్తూ ఉంటాను.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ఇంట్లో జరిగిందల్లా ఆదివారానికి ఉదాహరణ అయిపోతుంది. కుక్కరు మూత ఎగిరిపడిన రోజు నేను అరిచిన అరుపు సహనం మీద ప్రసంగంలోకి వెళ్లింది. మా అమ్మకూ నాకూ వచ్చిన గొడవ క్షమాపణ మీద ప్రసంగంలోకి వెళ్లింది. వాటికి నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఒక్కదానికి మాత్రం నవ్వలేకపోయాను.

పెళ్లయిన నాలుగో ఏట మాకొక ఆడపిల్ల పుట్టి రెండు రోజులకే పోయింది. తర్వాత మాకు పిల్లలు లేరు. పాప పోయిన మూడో ఆదివారం ఆయన ఆ రెండు రోజుల సంగతీ ప్రసంగంలో చెప్పాడు. పాప నా వేలు పట్టుకుని వదలకపోవడం కూడా చెప్పాడు. అది ఆ గదిలో మా మధ్య జరిగిన విషయం. జనం ఏడ్చారు, స్తోత్రం అన్నారు. నేను ముందు వరుసలో చాప మీద కూర్చుని ఉన్నాను, పాలు రాకుండా రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుని. ఇంటికొచ్చి ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన ముందు ఏడవడం మానేశాను.

ఆగస్టు

మందిరంలో మూడు రోజుల సభలు అయ్యాయి. అందరికీ వంట, వడ్డన నా మీదే. తర్వాత జ్వరం వచ్చి పోయింది. ఆ పై శుక్రవారం సాయంత్రం నేనూ కరుణమ్మా మందిరంలో చాపలు పరుస్తున్నాం. కరుణమ్మ మా మందిరం ఊడ్చే ఆమె, నాకంటే పదేళ్లు పెద్దది. పాదాల్లో రెండు రోజులుగా తిమ్మిరి ఉంది, పట్టించుకోలేదు. చాప కొస పట్టుకుని వెనక్కి అడుగు వేశాను. అడుగు వేశాననుకున్నాను గానీ కాలు రాలేదు. అలాగే కూలబడ్డాను.

"ఏందమ్మగారూ, చాప తట్టుకునిందా?" అంది కరుణమ్మ.

"కాళ్లు లేవు కరుణమ్మా" అన్నాను. ఇంకెలా చెప్పాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే సంఘంలో ఒకాయన కారులో నంద్యాల బయల్దేరాం. శిరివెళ్ల దాటేసరికి తిమ్మిరి చేతుల్లోకి పాకింది. ఆసుపత్రిలో మా ఆయన కౌంటరు దగ్గరికి వెళ్లి, తాను ఫలానా అని చెప్పుకున్నాడు. అక్కడున్న పిల్ల తల ఎత్తకుండా "టోకెన్ తీసుకొని కూచో అన్నా" అంది. ఎక్కడికి వెళ్లినా ముందు వరుసలో కూర్చునే మనిషి, ఆ ఇనప బెంచీ మీద ఎవరి మోచెయ్యో పొడుస్తుంటే మూడు గంటలు కూర్చున్నాడు. నన్ను ఒరిగిపోకుండా భుజంతో ఆనించుకున్నాడు. అంత భయంలోనూ నేను ఒకటి గమనించాను. జేబులో ఆయన ప్రసంగాల నోటుబుక్కు ఉంది.

డాక్టరు మంచి మనిషి, అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో కాపలా కాసే శక్తే పొరపాటుపడి నా నరాలను శత్రువు అనుకుంటోందట. నాకు వెంటనే అర్థమైంది. ఇన్నాళ్లూ నేను అందరినీ అనుమానించాను, ఇప్పుడు నా ఒంటికే నా మీద అనుమానం పుట్టింది.

స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్తుంటే ఆయన చెయ్యి పట్టుకోవాలనుకున్నాను, వేళ్లు ముడుచుకోలేదు. అందుకని నోటితోనే చెప్పాను. నలుగురిలో ఆయన్ని మీరు అంటాను, ఇంట్లో నువ్వే. ఆ రోజు నలుగురిలోనే నువ్వు అన్నాను.

"ఈ సంగతి ఆదివారం చెప్పొద్దు నువ్వు. నా ఒంటి సంగతి ఒక్క ముక్క గూడా చెప్పగాకు."

"చెప్పనులే" అన్నాడు. నేను నమ్మలేదు.

సెప్టెంబరు

ఎడమ పక్కకు తిరగాలన్నా ఒకరు కావాలి. ముక్కు మీద దురద పెడితే ఒకరు కావాలి. మిగతావి రాయను, ఊహించుకోండి. ఆసుపత్రి ఆయా హుస్సేన్‌బీ రోజుకు రెండుసార్లే వచ్చేది. మిగిలినదంతా తోడున్నవాళ్లే చూసుకోవాలి, తోడున్నది ఆయనే. మొదటి రోజు బెడ్‌పాన్ పట్టుకుని తెల్ల చొక్కాతో గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఏమప్పా, సామి మాదిరి నిలబడుకుంటే ఎట్లా? పెండ్లామే గదా. ఆ పక్క పట్టుకో" అని కసిరింది హుస్సేన్‌బీ. ఆయన పట్టుకున్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆయన మొహం వైపు చూడకుండా గోడ మీది బల్లిని చూశాను.

వారం తిరిగేసరికి పని వచ్చేసింది. ఒళ్లు తుడవడం, వీపుకు పౌడరు రాయడం, జావ చల్లార్చి తాగించడం. ఎవరైనా సంతోషించాల్సిన విషయమే కదా. నాకు మాత్రం అనుమానం పెరుగుతూ వచ్చింది. పని అయిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్లి నోటుబుక్కు తీసి ఏదో రాసుకునేవాడు.

"ఏం రాస్తాండావ్?"

"మందుల టైములు."

చెయ్యి లేస్తే లాక్కుని చూసేదాన్ని. లేవదు. సేవకుడు భార్యకు బెడ్‌పాన్ పట్టాడు అని వినగానే మందిరంలో వెనక వరుస దాకా ఎలా కళ్లు తుడుచుకుంటారో నాకు తెలుసు. ఇంత మంచి ఉదాహరణ ఏ పాస్టరుకు దొరుకుతుంది? ఆయన నా ఒళ్లు తుడుస్తుంటే, తుడిచేది నన్నా, లేక వచ్చే ఆదివారానికి సిద్ధమవుతున్నాడా అని చూస్తూ పడుకునేదాన్ని.

నా జుట్టు అట్టకట్టింది. కత్తిరించేద్దామంది హుస్సేన్‌బీ. ఆయన బయటికి వెళ్లి ఉన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేదు. రెండు రోజుల తర్వాత ఆయన కొబ్బరినూనె సీసా, దువ్వెన పట్టుకొచ్చి చిక్కు తీయడానికి కూర్చున్నాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. తర్వాత జడ అల్లాడు. వంకరగా, వదులుగా ఉన్నా అది జడే. యాడ నేర్చుకున్నావంటే చూసి వచ్చిందన్నాడు. అది కూడా రాసుకుంటాడని అనుకున్నాను.

ఆదివారాలు నాకు నరకం. పొద్దున్నే మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయి సాయంత్రానికి వచ్చేవాడు. అక్కడ ఏం చెప్పాడో తెలిసే దారి లేదు. మంగళవారం కరుణమ్మ రాగిజావ పట్టుకుని బస్సులో వచ్చేది. ఈమె ఎందుకు వస్తోంది, ఏం అడగబోతోంది అని ఆమె మీద కూడా నాకు అనుమానమే. అయినా నాకు కూపీ లాగడానికి దొరికింది ఆమె ఒక్కతే.

"అయ్యగారు ఏం చెప్పినాడు ఈ వారం?"

"సేవకుని గురించి చెప్పినాడమ్మా."

"నా గురించి ఏమన్నా చెప్పినాడా?"

ఆమె తల వంచుకుని జావ కలిపింది. "అందరం ఏడిస్తిమమ్మా. అయ్యగారు గూడా ఏడ్చినాడు" అని మాత్రం చెప్పి, మూత తిప్పడంలో పడింది.

ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. రెండు రోజులు ఆయన చేతి చెంచాకు నోరు తెరవలేదు. హుస్సేన్‌బీ పోస్తే తాగాను. ఎందుకని ఆయన అడగలేదు. తప్పు చేశాడు కాబట్టే అడగడం లేదని నిశ్చయించుకున్నాను. నిలదీసి ఉంటే అప్పుడే తేలిపోయేది. కానీ అవునంటే భరించే బలం నాకు లేదు. పడుకుని ఉన్న మనిషికి పోట్లాడి బయటికి వెళ్లే వీలు కూడా ఉండదు కదా.

చూడటానికి వచ్చినవాళ్ల గురించి కూడా చెప్పాలి. బత్తాయిలు తెచ్చారు, ప్రార్థన చేశారు. సేవకుని ఇంట్లోనే ఇట్లయితే ఎట్లా అని వరండాలో మాట్లాడుకున్నారు. ఒకామె నా చెవి దగ్గరికి వంగి, "ఒప్పుకోని పాపమేమన్నా ఉండాదేమో చూసుకోండి అమ్మగారూ" అంది. కోపం తలకెక్కింది. మరుక్షణం నీరుకారిపోయాను. ఆరేళ్ల కింద కరుణమ్మ మొగుడు మంచాన పడ్డప్పుడు వాళ్లింటికి వెళ్లి సరిగ్గా ఇదే మాట నేనే అన్నాను. నా నోటితో, ఎంతో ప్రేమగా.

అక్టోబరు, నవంబరు

ఇంటికి తెచ్చారు. వ్యాయామం చేయించడానికి ఒకామె వచ్చేది. ఆమె పట్టుకుంటే నిలబడేదాన్ని. మొదటిసారి నాలుగు అడుగులు వేసి ఏదో పరీక్ష పాసైనట్టు మురిసిపోయాను. కరుణమ్మ పగలంతా మా ఇంట్లోనే ఉండేది. ఒకరోజు వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు ఆ మాట ఎత్తాను.

"నీ మొగుడు మంచాన పడినప్పుడు నేనొక మాటన్నా. అది అనగూడని మాట కరుణమ్మా. నన్ను మన్నించు."

"ఎప్పుడమ్మా? నాకేం గుర్తులేదే" అంది పప్పు రుద్దుతూ. గుర్తుందని ఆ రుద్దడంలోనే తెలిసింది. తర్వాత పప్పుగుత్తి పక్కన పెట్టి, "మీరు నన్ను ఈడ అడిగినారు. అయ్యగారు ఆడ అందరి ముందరా అడిగినాడు" అంది.

"ఏం అడిగినాడు?"

అప్పుడు చెప్పింది. సెప్టెంబరులో ఆ ఆదివారం ఆయన నా జబ్బు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. సేవకుని గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయి, చాలా ఏళ్ల కింద ఇదే చోట నిలబడి, చనిపోయిన మా పాప సంగతి అమ్మగారిని అడక్కుండా చెప్పాను, పాప ఆమె వేలు పట్టుకున్న సంగతి చెప్పాను, అది తప్పు, ఆమె నన్ను క్షమించాలి అని ఏడ్చాడట. జనం కూడా ఏడ్చారట. ఆ రోజు నాకు చెబితే బాధపడతానని కరుణమ్మ దాచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆలోచించండి. చెప్పినందుకు క్షమాపణ అడగడానికి మళ్లీ అదే చెప్పాడు! మొదటిసారి వినని కొత్తవాళ్లకు కూడా ఇప్పుడు తెలిసిపోయింది. ఇలాంటి పొరపాటు ఒక్క ప్రసంగీకుడే చేయగలడు.

సాయంత్రం ఆయన రాగానే అడిగాను.

"క్షమాపణ ఎవరికి చెప్పినావు నువ్వు?"

ఆయనకు వెంటనే అర్థమైంది. "నీకే."

"నేను యాడుండా అప్పుడు?"

"నంద్యాలలో."

"వారమంతా నా మంచం పక్కనే కూచోనుంటివి గదా? కాళ్లూ చేతులు పడిపోయినాయి గానీ నా చెవులు బాగానే ఉండె గదా?"

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "నలుగురి ముందర నిలబడితేనే నాకు నోరొస్తాది సుగుణా. నీ ముందర రాదు. ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు జావ తాగనన్నప్పుడు గూడా చెప్పల్లనుకున్నా."

"ఇప్పుడు చెప్పు. ఈడ మైకు లేదు, స్తోత్రం అనేటోళ్లు లేరు."

కుర్చీలోంచి దిగి కింద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లు వారం వారం గంటసేపు మాట్లాడిన మనిషికి నాలుగు మాటలు రావడానికి పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయేంతసేపు పట్టింది.

"పాప నీ వేలు పట్టుకునింది. నాది గాదు. నాది గానిది తీసుకపోయి చెప్పినా. తప్పు."

అంతే అన్నాడు. ఉదాహరణ లేదు, వాక్యం లేదు. నేను ఇరవై రెండేళ్ల తర్వాత ఆయన ముందు ఏడ్చాను. ఏడుస్తూ కూడా, ఇది వచ్చే ఆదివారానికి పోదు కదా అని ఆయన జేబు వైపు చూశాను.

డిసెంబరు

వేళ్లలో పట్టు వచ్చింది. వచ్చిన మొదటి రోజే ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేను చేసిన పని, చొక్కా జేబులోంచి నోటుబుక్కు తీయడం. పేజీ తిప్పడానికే రెండు నిమిషాలు పట్టింది. మందుల టైములు నిజంగానే ఉన్నాయి. ఏ గంటకు ఏ పక్కకు తిప్పాలో ఉంది. ఒక పేజీలో మాత్రం ప్రసంగానికి రాసుకున్నట్టే గీత గీసి మూడు అంశాలు ఉన్నాయి. మొదటి అంశం: కుడి పాయ మధ్యకు. రెండవ అంశం: ఎడమ పాయ మధ్యకు. మూడవ అంశం: బిగించి లాగరాదు, ఆమె చెప్పదు గానీ నొప్పి. కింద చిన్నగా, హుస్సేన్‌బీ గారి దగ్గర వాళ్ల వరండాలో తాడుతో నేర్చుకున్నది అని ఉంది.

పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేశాను. నేను చూసినట్టు ఆయనకు చెప్పలేదు.

జనవరి

మందిరంలో కృతజ్ఞత కూటం పెట్టారు, నేను బాగయినందుకు. నాలుగు కాళ్ల ఊతకర్రతో వెళ్లి మొదటిసారి చాప మీద కాకుండా కుర్చీలో కూర్చున్నాను. ఎవరో దాని మీద కూడా తెల్ల టవలు పరిచారు, తీసేయమన్నాను. ఆయన ఎంచుకున్న వాక్యభాగం, కాళ్లు కడిగిన సంగతే. జనమంతా ఆ మాట కోసమే చూస్తున్నారు. ఆసుపత్రి, బెడ్‌పాన్, జావ, అన్నీ ఆయన నాలుక చివర ఉన్నాయని నాకు తెలుసు.

"సేవ అంటే..." అని ఆగాడు. నా వైపు చూశాడు. గ్లాసెడు నీళ్లు తాగాడు. రేకుల వైపు చూశాడు. "సేవ అంటే చేసేది. చెప్పేది గాదు" అని పుస్తకం మూసేసి ప్రార్థనకు పిలిచాడు. ప్రసంగం పావుగంటలో అయిపోయింది.

"అయ్యగారి ప్రసంగం ఈపొద్దు చప్పగుండె" అన్నాడు బయట చెప్పులేసుకుంటూ ఒక సంఘపెద్ద. నన్ను సాక్ష్యం చెప్పమంటే, "బాగయినాను, అందరికీ వందనాలు" అని కూర్చున్నాను. వాళ్లకు అది కూడా చప్పగానే ఉండి ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు కడుపు నిండినట్టుంది. ఇంటికొచ్చాక, నేను మెచ్చుకోవాలనే చెప్పకుండా ఆగాడేమో అని ఒకసారి అనుమానం వచ్చింది. వచ్చింది, పోయింది.

మార్చి

ఇది రాయాలనుకున్నప్పుడు ఒకటి తట్టింది. నేను రాస్తే నా జబ్బుతో పాటు ఆయన సంగతులూ బయటికి వస్తాయి. మంచంలో ఉన్న మనిషి సంగతి ఆ మనిషిని అడక్కుండా బయట పెట్టకూడదని ఇంత రభస చేసినదాన్ని, ఇప్పుడు ఆయన్ని అడగకుండా ఎలా రాస్తాను? అందుకే నిన్న సాయంత్రం ఆయన జడ వేయడానికి వెనక కూర్చున్నప్పుడు అడిగాను. ఇప్పటికీ జడ ఆయనే వేస్తాడు. నా వేళ్లు ఇంకా ఆ పనికి రావని చెప్పి ఉన్నాను. నిజానికి ఎప్పుడో వచ్చాయి. ఆ ఒక్కటీ ఆయనకు తెలియదు.

"నా జబ్బు సంగతి రాస్తాండా. నీ సంగతి గూడా వస్తాది. రాయొచ్చునా?"

దువ్వెన ఆగింది. "పాప సంగతి?"

"అది నాది. నేను రాసుకుంటా."

"సరే. జడ సంగతి గూడానా?"

"ఆ, అదీ."

దువ్వెన పళ్లలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ అన్నాడు. "అట్లయితే అంతా రాయల్ల. నీ వేళ్లు బాగయి రెండు నెలలాయెనని, కరుణమ్మ మనవరాలికి నువ్వే జడేస్తాండావని, నా చెప్పుల చప్పుడు వినపడంగానే దువ్వెన పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంటాండావని, అది గూడా రాయి."

నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఆయన జుట్టు మూడు పాయలుగా తీశాడు. "తల కదిలియ్యొద్దు" అన్నాడు.